రూళ్ళకర్ర మీద ఆరు తీగలు

మా టీచరుగారు పోయారన్న కబురు నేను నిచ్చెన మీద ఉండగా వచ్చింది. బాపట్లలో ఒక మందుల షాపు గోడకు పేరు రాస్తున్నాను. 'మెడికల్స్'లో మొదటి అక్షరం అయింది, రెండోదానికి గుడి పెట్టబోతుంటే ఫోను మోగింది. రేపల్లె నుంచి ఆవిడ చెల్లెలి కొడుకు.

"అన్నా, పెద్దమ్మ పొద్దున్నే పోయింది. సాయంత్రం సమాధి. సిలువ మీద పేరు నువ్వే రాయాలని ముందే చెప్పి పెట్టింది" అన్నాడు.

షాపాయనకు సంగతి చెప్పి, కుంచె కడుక్కుని రేపల్లె బస్సెక్కాను. ఆ గోడ మీద రెండు రోజులు ఒకటిన్నర అక్షరమే ఉంది. షాపాయన మంచివాడు, ఓపిక పట్టాడు.

నల్లరంగు వేసిన చెక్క సిలువ వరండాలో గోడకు ఆనించి ఉంది. లోపల పాటలు పాడుతున్నారు. నేను నేల మీద కూర్చుని తెల్లరంగుతో ఆవిడ పేరు రాశాను. ఏడిస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే అక్షరం పోతుంది, అందుకని ఏడవలేదు. "అక్షరం నించోవాలి, కూలబడకూడదు" అనేవారు ఆవిడ, రెండో తరగతిలో. ఆవిడ పేరులోని అక్షరాలన్నీ నించున్నాయి. రాసింది కుడిచేత్తో. ఆ కుడిచెయ్యి నాకు ఆవిడ ఇచ్చిందే.

మీలో పుర్రచెయ్యి వాళ్ళుంటే ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. నేను పుట్టుకతో పుర్రచెయ్యి వాణ్ణి. మా నాన్న తెనాలిలో బీరువాలకు, మంచాలకు పాలిష్ పెట్టేవాడు. ఇంట్లో అన్నం దగ్గర తప్ప నా ఎడమచేతిని ఎవరూ పట్టించుకోలేదు. మిషను బడిలో టీచరుగారు పట్టించుకున్నారు. బలపం ఎడమచేతిలోకి వెళ్ళిందా, గుండ్రటి నల్లని రూళ్ళకర్ర వేళ్ళ కణుపుల మీద పడేది. గట్టిగా కాదు, కానీ సరిగ్గా కణుపు మీద. ఆపైన నించుని "తప్పయిపోయింది టీచర్" అనాలి. ఆవిడ "సరే, కూర్చో" అనేవారు. అక్కడితో అయిపోయేది, రేపటిదాకా.

ఒక్కటి మాత్రం చెప్పాలి. లెక్క రాలేదనో, పద్యం రాలేదనో ఆవిడ ఎవరినీ కొట్టలేదు. ఎడమచేత్తో రాస్తే పిల్లాడు చెడిపోతాడని ఎవరో చెప్పగా నమ్మారు. నా పక్కన కింద కూర్చుని, నా కుడిచెయ్యి తన గుప్పిట్లో పెట్టుకుని, 'అ' నుంచి మళ్ళీ దిద్దించారు. అర్ధసంవత్సరం పరీక్షలనాటికి చెయ్యి మారిపోయింది. పెద్దయ్యాక ఆ చేత్తోనే బోర్డులు రాసే పని నేర్చుకున్నాను. కొల్లిపర, వేమూరు వైపు ఇప్పటికీ తిరుగుతున్న ట్రాక్టరు ట్రక్కుల మీద పేర్లలో సగం నావే. ఫ్లెక్సీలు వచ్చి మా నోట్లో మట్టి కొట్టాక కూడా ఈ నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ దస్తూరీ వల్లే. అయినా ఆ కణుపుల మీది దెబ్బలు నేను మర్చిపోలేదు. రెండూ నిజమే, ఏం చెయ్యను.

ఫ్లెక్సీల పుణ్యమా అని తీరిక దొరికి, నలభై దాటాక ఒక పాత గిటారు కొన్నాను. ఫోనులో చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. తీగలు వేళ్ళతో నొక్కి పట్టడం కుడిచేతికి వచ్చింది గానీ, మీటడం మాత్రం ఎడమచేతికే కుదిరింది. గిటారు తిరగేసి పట్టుకునేవాణ్ణి. పైనుండాల్సిన లావు తీగ కిందా, కిందుండాల్సిన సన్న తీగ పైనా.

కిందటేడు టీచరుగారు చర్చి నోటీసు బోర్డు రాయించడానికి తెనాలిలో మా షాపుకొచ్చారు. అప్పటికి రిటైరై రేపల్లెలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. గిటారు వాయిస్తున్న నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"అదేంటి నాయనా, తిరగేసి పట్టుకున్నావు?"

"పుర్రచెయ్యి కదండి. రాతకు మీరు మార్చారు గానీ దీనికి మారలేదు" అన్నాను. నవ్వుతూనే అన్నాను, కానీ మాటలో ముల్లుంది. నలభై ఏళ్ళు దాచుకున్న ముల్లు. ఆవిడ టీ తాగి, బోర్డు మీద ఏం రాయాలో చెప్పి, రేపల్లె పాసింజరుకు వెళ్ళిపోయారు.

నెల తిరగకుండా ఫోను చేశారు. "పెట్టె ఒకటి వచ్చింది. శుక్రవారం నీకు నమాజు, ఆదివారం నాకు చర్చి. శనివారం రా" అన్నారు.

పెట్టెలో ఎలక్ట్రిక్ గిటారు ఉంది. ఉందంటే, ముక్కలుగా ఉంది. రంగు వెయ్యని చెక్క బాడీ, విడిగా మెడ, వైర్లు, మరలు, తీగలు. ఇంట్లో కూర్చుని మనమే బిగించుకోవాలి. చెల్లెలి కొడుకు చేత తెప్పించారు, ఎడమచేతి వాళ్ళదే కావాలని రెండుసార్లు చెప్పి మరీ. అప్పటికే ఆవిడకు ఆయాసం, నాలుగడుగులు వేస్తే కూర్చోవాల్సి వచ్చేది. అయినా చర్చి హార్మోనియం ముప్పై ఏళ్ళు తనే విప్పి బాగుచేసిన మనిషి. రంపం, ఆకురాయి, జిగురు, సోల్డరింగ్ ఇనుము, అన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి.

అలా శనివారాలు మొదలయ్యాయి. తెనాలిలో రైలెక్కి, జంపని, వేమూరు దాటుకుంటూ పది గంటలకల్లా చేరేవాణ్ణి. వరండాలో పాత పేపర్లు పరిచి, బియ్యం ఏరే పళ్ళేల్లో మరలు విడివిడిగా పోసి ఉంచేవారు. ఉప్పుకాగితం పట్టడం నా వంతు. ఆవిడ కళ్ళు మూసుకుని చెక్క మీద అరచెయ్యి నడిపి, "ఇక్కడ ఇంకా గరుగ్గా ఉంది" అనేవారు. నాకు ఎంత చూసినా కనిపించేది కాదు. మెడ బిగించేటప్పుడు నేను తొందరపడితే, "ఎంత బిగించాలో బిగించేవాడికి కాదు, బిగుసుకునేదానికి తెలియాలి" అని నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసేసుకునేవారు. రంగు ఏది వెయ్యమంటారని అడిగితే, నీ ఇష్టం అన్నారు. ఒక్క షరతు, "పువ్వులు మాత్రం వెయ్యకు."

తప్పు చేసింది నేను. మెడ చివర తీగలన్నీ ఆనే చిన్న పట్టీ ఒకటుంటుంది. దాన్ని నట్టు అంటారట, బోల్టేమీ లేకపోయినా. అందులో ఆరు గాట్లు, లావు తీగకు వెడల్పుది, సన్న తీగకు సన్నది. ఫోనులో వీడియో చూస్తూ, అందులోలాగే జిగురు పెట్టి అతికించేశాను. వీడియోలో ఉన్నది కుడిచేతి గిటారు. మరుసటి శనివారం తీగలు ఎక్కిస్తుంటే లావు తీగ గాట్లో కూర్చోదు. పుర్రచెయ్యి వాడి కోసం తెప్పించిన గిటారుకు ఆ పుర్రచెయ్యి వాడే కుడిచేతి వాటంగా పట్టీ పెట్టాడు. చెయ్యే కాదు, నా కన్ను కూడా ఎప్పుడో మారిపోయిందని అప్పుడు తెలిసింది. పట్టకారుతో లాగితే పట్టీ రెండు ముక్కలైంది.

ఇంకోటి తెప్పించుకుందామన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో రూళ్ళకర్ర ఉంది. అదే. పట్టుకునే చోట నునుపు తేలి, మిగతాది నల్లగా.

బల్ల అంచున పెట్టి "కదలకుండా పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. ఎడమచేత్తో పట్టుకున్నానని ఆవిడ అటు చూసేదాకా నాకు తెలియలేదు. రంపం రెండుసార్లు లాగి ఆపారు.

"నొప్పి పుట్టేదా?"

"పుట్టేదండి."

మళ్ళీ కోశారు. రెండంగుళాల ముక్క తెగి పేపరు మీద పడింది. దాన్ని తీసి, పొడి ఊది, నా వంక చూడకుండానే అన్నారు.

"తప్పయిపోయింది నాన్నా."

ఆ మాట ఆవిడ ముందు నేను ఎన్నిసార్లు అన్నానో. అన్నాక ఎదుటివాళ్ళు ఏమనాలో కూడా నాకు తెలుసు. కానీ టీచరుతో "సరే" ఎలా అంటాం? 'పర్లేదండి' అంటే సరిపోయేది, ఒక్క మాట. అదీ అనలేదు. తల దించుకుని రంపప్పొట్టు ఎత్తుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నందాకా ఆవిడే ఆ ముక్కను చీల్చి, ఆకురాయితో అరగదీసి, ఆరు గాట్లు పెట్టారు. తీగలన్నీ కుదురుగా కూర్చున్నాయి. ఆంప్లిఫయరు లేకుండానే నాకొచ్చిన ముక్క ఒకటి వాయిస్తే, చెక్కకు చెవి ఆనించి విన్నారు. "రంగేసి తీసుకురా. కరెంటు పెట్టి వినాలి" అన్నారు.

విప్పి తెనాలి తెచ్చాను. రంగు వేశాను, నీలం, పువ్వులు లేకుండా. వారం వారం ఫోను చేసి "ఎండిందా?" అని అడిగేవారు. ఇంకో పూత పడాలండి అనేవాణ్ణి.

ఇప్పుడు దాచి లాభం లేదు. అది ఎండి చాలా రోజులైంది. ఆ వరండాలో మళ్ళీ కూర్చుంటే ఆవిడకు జవాబు చెప్పాలి, అది నాకు చేతకాలేదు. అందుకని రంగు మీద నెపం పెట్టాను. ఆవిడ నమ్మారో లేదో తెలియదు. మూడు నెలలు అలాగే అడిగారు, నేను అలాగే చెప్పాను. తరవాత బాపట్లకు ఫోనొచ్చింది. నా మీద నాకు కోపంగా ఉంది. ఇంకా చాలాకాలం ఉంటుంది.

సమాధి అయిన మర్నాడు షాపు తియ్యలేదు. రంగు ఆరడానికి వేలాడదీసిన గిటారు కిందికి దించి మెడ బిగించాను, తీగలు ఎక్కించాను. వైర్ల గూటిని మూసే వెనకమూత ఒకటి మిగిలింది. అది పెట్టేస్తే పని అయిపోతుంది. మూత బోర్లించి, లోపలివైపు, ఎవరూ చూడనిచోట, కుంచె ఎడమచేత్తో పట్టుకున్నాను.

'పర్లేదండి టీచర్' అని రాశాను. ఒక్క అక్షరం నించోలేదు. అన్నీ కూలబడ్డాయి, రెండో తరగతి పిల్లాడివిలాగా. 'ప' రాస్తుండగానే కణుపులు వాటంతట అవే ముడుచుకున్నాయి. కుంచె ఆపి, వేళ్ళు మెల్లగా మళ్ళీ చాపాను.

ఎవరూ కొట్టలేదు.