దసరా ఎండలో ఉన్ని కోటు

మా ఊళ్లో ఏడో తరగతి పాసైన మొదటివాణ్ణి నేనే. వరంగల్‌కు వచ్చాక మట్టెవాడలోని మా సందుకు ట్రాన్సిస్టర్ మొదట తెచ్చిందీ నేనే. ఈ రెండింటినీ పూచికపుల్లలా తీసిపారేసిన ఒకే ఒక్క మనిషి మా అక్క భద్రమ్మ మొగుడు, వెంకట్రాజం బావ.

బావది రగ్గుల దుకాణం. కుర్రతనంలో పరకాల సంతలో భుజాన మూట వేసుకుని తిరిగినవాడు, మట్టెవాడలో సొంత గద్దె మీద కూర్చునేదాకా ఎదిగాడు. ఒళ్లు పెద్దది, నోరు అంతకన్నా పెద్దది. దసరా సాయంత్రం సందులోని వాళ్లంతా జమ్మి ఆకు పట్టుకుని ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. "బంగారం" అంటూ చేతిలో పెట్టి, గట్టిగా కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకునేవాళ్లు. ఆ ఒక్క సాయంత్రం మర్యాద మీద ఆయన ఏడాదంతా బతికేవాడు.

డెబ్బై తొమ్మిదిలో వానలు మొహం చాటేశాయి. బతుకమ్మకు ముందు రేడియోలో ప్రాంతీయ వాతావరణం చెప్పారు. ఎండలు మామూలుకన్నా ఎక్కువ, చలి ఆలస్యం. వెంటనే దుకాణానికి పోయాను.

"బావా, సరుకు జర ఆగి తెప్పియ్యి. రేడియోల చెప్పిండ్రు."

"నీ రేడియోకు మోకాళ్లున్నయారా బామ్మర్దీ? నా మోకాలు గుంజుతాంది. దసరాకు చలి పెడ్తది, రాసుకో."

"మోకాలు గుంజేది నీ ఒళ్లు మొయ్యలేక" అంది అక్కడే ఉన్న అక్క.

సరుకు కప్పు దాకా పేరుకుంది. ఎండకు బతుకమ్మలో గునుగు పువ్వు పేరుస్తుండగానే వాడిపోయింది. దుకాణంలోకి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. ఎదురుగా సోడాలమ్మే సారయ్యకు మాత్రం ఊపిరి సలపలేదు. బావ తగ్గే రకమా? ఉన్ని కోటు తొడిగి, మంకీ క్యాపు బిగించి, చలి వచ్చేసినట్టే గద్దె మీద కూర్చున్నాడు.

"సావుకారీ, మలేరియానా? దవాఖానకు పోదామా?" అని సారయ్య కేకేశాడు.

"చలిరా! నీ తోలు మందం, నీకేం తెలుస్తది?"

దసరా సాయంత్రం మైదానంలోని జమ్మి చెట్టు దగ్గరికి కూడా ఆ కోటుతోనే వచ్చాడు. గడ్డం మీది నుంచి చెమట ధార. తడిసిన ఉన్ని గొర్రెల మందలా కంపు కొడుతోంది. జనం వచ్చారు, ఆకును చేయి చాపినంత దూరం నుంచి అందించి, ముక్కు పక్కకు తిప్పుకుని, సారయ్యను కౌగిలించుకోవడానికి పోయారు. బావ చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. అప్పటిదాకా నవ్వుతున్న నాకు ఆ మొహం చూసి నవ్వు ఆగిపోయింది.

"ఏందే, ఎవ్వలు దగ్గరికి వస్తలేరు?" అని అక్కను అడిగాడు.

"గొర్రెను ఎవలన్న అలాయ్ బలాయ్ తీస్కుంటరా? ఇప్పు దాన్ని."

"ఇప్పితే నా మాట పోతది."

"ఇప్పకుంటే మనుషులు పోతాండ్రు. చూస్కో."

చూశాడు. సగం జనం ఇళ్ల దారి పట్టారు. క్యాపు పీకి పారేశాడు. కోటుతో పాటు దానికి అతుక్కున్న అంగీ కూడా వచ్చేసింది. ఒట్టి బనీనుతో నిలబడి అరిచాడు:

"చలి లేదురా! లేదు! ఒప్పుకుంటాన! ఇగ రాండ్రి!"

మైదానమంతా గొల్లున నవ్వింది. పోతున్నవాళ్లు వెనక్కి తిరిగారు. సారయ్య పరుగెత్తాడు గానీ, మొదటి అలాయ్ బలాయ్ నాదే. సారయ్య ఇంకోలా చెబుతాడు, నమ్మకండి. బావ ఒళ్లు పెనంలా కాలుతోంది. నన్ను ఎముకలు విరిగేలా అదుముకుని చెవిలో అన్నాడు:

"చలి లేదని ఒప్పుకున్న. నువ్వు చెప్పినవని ఒప్పుకోలే."