ఎర్రయ్య గారి స్పీకర్లలో పోయిన గజ్జెలు

2016లో నేను శ్రీకాకుళంలో ఒక ఆడియో దుకాణంలో పనిచేసేదాన్ని. యజమాని శేషగిరి గారు ముందు గదిలో అమ్మకాలు చూసేవారు. వెనక గదిలో ఆంప్లిఫయర్లు విప్పి బాగుచేయడం నా పని. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. రాత్రి డైరీలో రాసుకున్నన్ని మాటలు పగలు నోటితో అనేదాన్ని కాదు. అందుకే ఆ వెనక గది నాకు బాగా సరిపోయింది. ఇళ్లకు వెళ్లి స్పీకర్లు బిగించే మెకానిక్‌కు ఆ వారం జ్వరం రాకపోతే ఈ కేసు నా దాకా వచ్చేది కాదు.

భావనపాడులో ఉండే ఎర్రయ్య గారికి సొంత బోటు ఉంది. ఇంట్లో మంచి స్పీకర్ల జత ఉంది. ఆయన ఫిర్యాదు ఒక్కటే: "గజ్జెలు పోనాయి." వాళ్ల ఊరి పండగలో ఆడిన తప్పెటగుళ్ళను ఎవరో రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. రొమ్ముకు కట్టుకున్న తప్పెటల దెబ్బ వినిపిస్తోంది కానీ, ఆటగాళ్ల కాళ్ల గజ్జెలు కొన్నాళ్లుగా వినిపించడం లేదట. శేషగిరి గారు మొదట లావు కేబుల్ ఇచ్చి పంపారు. "కొంచెం నయమే గాని, గజ్జెలు మాత్రం రాలేదు" అంటూ ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి శేషగిరి గారు బై-వైరింగ్ చేయించుకోమన్నారు.

బై-వైరింగ్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. స్పీకర్ పెట్టెలో సాధారణంగా పలికే భాగాలు రెండు ఉంటాయి. పెద్దది వూఫర్, అది బరువైన శబ్దాలు పలుకుతుంది. చిన్నది ట్వీటర్, అది గజ్జెల వంటి సన్నని శబ్దాలు పలుకుతుంది. కొన్ని పెట్టెల వెనక ఈ రెండింటికీ వేర్వేరు టెర్మినళ్లు ఉంటాయి. వాటిని కలుపుతూ చిన్న ఇత్తడి పలకలు ఉంటాయి, జంపర్లు అంటాం. మామూలుగా ఒక్క కేబుల్ కింది టెర్మినళ్లకు వస్తుంది, జంపర్ల మీదుగా పైకి కూడా వెళుతుంది. జంపర్లు తీసేసి, ఆంప్లిఫయర్ నుంచి కిందికో కేబుల్, పైకో కేబుల్ వేస్తే అది బై-వైరింగ్. దానితో ధ్వని తేటపడుతుందని చాలామంది నమ్మకం. నేను చదివిన పుస్తకాల్లో మాత్రం, చెవి పట్టుకోగల తేడా దాదాపు ఉండదనే ఉంది.

కేబుల్ చుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. ఇంట్లో అడుగుపెట్టగానే ఎర్రయ్య గారి బావమరిది సూరిబాబు నన్ను ఎగాదిగా చూశాడు.

"బావా, ఈ గుంటని ఇంత దూరం రప్పించినావేటి? మార్చాల్సింది తీగ కాదు, నీ సెవి."

"నోర్ముయ్‌రా. పాపా, నువ్వు రా, కూకో" అన్నారు ఎర్రయ్య గారు.

ఆయన భార్య నూకాలమ్మ గారు మంచినీళ్లు ఇస్తూ, అడగకుండానే సంగతంతా చెప్పింది. బోటులో ఇంజన్ దగ్గర కూర్చునేది ఎర్రయ్య గారే. చప్పుడు విని ఇంజన్ బాగోగులు చెప్పేది ఆయనే. ఈమధ్య వేటకు వెళుతూ చప్పుడు తేడాగా ఉందని బోటు వెనక్కి తిప్పారు. ఒడ్డున విప్పి చూస్తే ఏ లోపమూ కనపడలేదు.

"అప్పట్నించీ మా తమ్ముడు అదే పాట, బావ సెవి పోనాదని. ఇప్పుడీ గజ్జెల గోలొకటి. ఈడేమో నాకు ఇనపడతన్నాయంతాడు. మా మావకేమో ఇనపడవు. నానెప్పుడూ పొయ్యి కాడే, నాకేటి తెలుస్తాది సెప్పు? పున్నమి ఎళ్లాక ఇంజన్ కాడ ఈడు కూకుంతాడట. కళాసీలు కూడా తలూపీసినారు."

కళాసీలంటే బోటులో పనివాళ్లు. ఎర్రయ్య గారు ఆ మాటలు విననట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. రెండుసార్లు ఆయన అంత దూరం నుంచి మా దుకాణానికి ఎందుకు వచ్చారో అప్పుడు అర్థమైంది. ఆయనకు కావలసింది కేబుల్ కాదు.

నేను మాత్రం శేషగిరి గారు చెప్పిన పనే మొదలుపెట్టాను. జంపర్లు విప్పి గూట్లో పెట్టాను. రెండు స్పీకర్లకూ రెండేసి కేబుళ్లు వేసి పెన్‌డ్రైవ్ పెట్టాను. గజ్జెలు ఘల్లుమన్నాయి.

"ఓలమ్మా! వచ్చీసినాయి!" అంటూ నూకాలమ్మ గారు వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఎర్రయ్య గారు మోకాలి మీద తాళం వేశారు. శేషగిరి గారికి ఫోన్ చేస్తే, "నేను చెప్పలేదూ! ఇక బయల్దేరమ్మా" అన్నారు.

సూరిబాబు మాత్రం నవ్వాడు. "మంచి సెవికి ఒక తీగ సాలు బావా. నీకు రెండు కావలసొచ్చినాయి. ఇంజన్‌కి కూడా రెండు తీగలేయించు."

తాళం వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

పని అయిపోయింది. బస్సు టైము కూడా అవుతోంది. కానీ ఒక అనుమానం నన్ను వదల్లేదు. సన్నని తేడా వస్తుందా రాదా అని జనం వాదించుకునే చోట ఇంత తేడా ఎలా వచ్చింది? ఇంతకుముందు అసలు ట్వీటరే పలకలేదన్న మాట. ఎందుకు పలకలేదో తేలకుండా లేవకూడదనుకున్నాను.

"అన్నీ మళ్లీ విప్పుతానండి" అన్నాను.

"పలికినాది కదే తల్లీ! మళ్లీ ఇప్పడమేటి?" అంది నూకాలమ్మ గారు.

"ఎందుకు పలికిందో తెలియాలండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గూట్లోంచి జంపర్లు తీశాను. ఆ ఇంట్లో కిటికీ ఊచలు తుప్పు పట్టాయి, తలుపు గొళ్లెం పచ్చబడింది, దేవుడి దగ్గర ఇత్తడి కుంది కూడా నల్లబడింది. సముద్రపు గాలి ఏ లోహాన్నీ వదల్లేదు. ఈ పలకలు మాత్రం దుకాణంలో కొన్న రోజులా మెరుస్తున్నాయి. మల్టీమీటర్ తీశాను. కరెంటు దారి ఉంటే అది కూత పెడుతుంది. పలక ఈ కొసన ఒక సూది, ఆ కొసన ఒక సూది ఆనించాను. కూత లేదు. కత్తిపీట అడిగి రెండు కొసలూ గీకాను. పారదర్శకమైన పొర ఒకటి పొట్టులా లేచింది. మళ్లీ ఆనిస్తే కూత పెట్టింది. ఆ స్పీకర్ రెండో పలకనూ అలాగే గీకాను.

"ఈ పలకలకు ఏమైనా పూశారా?" అని అడిగాను.

ఎర్రయ్య గారు నెమ్మదిగా అన్నారు: "వార్నీసు. బోటు సెక్కకి కొట్టగా మిగిలినాది. వానల ముందర ఇంట్లో ఇనప సామానంతా తుడిసి పూస్తాం కదా. అయ్యి బంగారంలాగున్నాయి, తుప్పడతాయని ఇప్పి, రెండు పక్కలా పూసి, ఎండలో ఎట్టి బిగించినాను."

"నీ గజ్జెల్ని నువ్వే పూడ్సీసినావు మావా!" అని నూకాలమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ పొర మీదుగా కరెంటు పైకి ఎక్కలేదు. ట్వీటర్లు అప్పటి నుంచీ మూగగానే ఉన్నాయి. బై-వైరింగ్ గొప్పతనమేమీ లేదు, అది జంపర్ అవసరం లేకుండా చేసింది, అంతే.

ఇక సూరిబాబు మాట మిగిలింది. బావాబావమరుదులిద్దరినీ స్పీకర్లకు వీపు పెట్టి, వాకిలి వైపు తిరిగి కూర్చోమన్నాను. పలకలు గీకిన మొదటి స్పీకర్ ఒక్కదానిలోనే ఒకే పాట వేస్తూ, మధ్యమధ్య తీగలు మార్చాను. మొదట బై-వైరింగ్. తర్వాత లావు కేబుల్, గీకిన జంపర్లతో. ఆ తర్వాత పెట్టెతో పాటు వచ్చిన పాత సన్న తీగ. ప్రతిసారీ తేడా ఉందా అని అడిగాను.

"ఏటీ లేదు. మూడూ ఒకటే. సన్న తీగేదో సెప్పమంటే నాను సెప్పలేను" అన్నారు ఎర్రయ్య గారు.

"నాకు మూడోది బెమ్మాండంగా ఉన్నాది" అన్నాడు సూరిబాబు. మూడోది పాత సన్న తీగ అని నేను చెప్పలేదు.

చివరిగా, ఇంకా గీకని రెండో స్పీకర్ జంపర్లను తెచ్చి, గజ్జెలు బాగా వినిపించే ఆ మొదటి స్పీకర్‌కే బిగించి, మళ్లీ పలికించాను. పాట మొదలై రెండు దెబ్బలు పడ్డాయో లేదో, ఎర్రయ్య గారు చెయ్యెత్తారు.

"పోనాయి."

"ఏటి పోనాయి? అలాగే ఉన్నాయి కదా, గల్గల్ మంతన్నాయి" అన్నాడు సూరిబాబు.

వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్న నూకాలమ్మ గారు పకపకా నవ్వింది. "ఒరే తమ్ముడూ, లేని గజ్జెలు నీకెక్కడ ఇనపడినాయిరా? ఇంజన్ ఆగిపోయినా తిరుగుతన్నాదంతావు నువ్వు."

సూరిబాబు లేచి, చెప్పులేసుకుని, బీచి వైపు వెళ్లిపోయాడు. ఎర్రయ్య గారు నవ్వలేదు. "మరి లావు తీగేసినప్పుడు నయంగా ఉన్నాదన్నాను కదా పాపా, అదేటి?" అని అడిగారు.

"నయం కావాలని మీ మనసులో బాగా ఉండి ఉంటుందండి" అన్నాను.

ఆయన తల ఊపారు. "ఔను. అది సెవి ఇన్నాది కాదు."

మిగిలిన పలకలన్నీ గీకి శుభ్రం చేసి పాత తీగతోనే బిగించాను. గట్టిగా బిగించి వదిలేస్తే చాలని, పచ్చబడితే గీకుకోవాలి తప్ప ఏమీ పూయొద్దని చెప్పాను. తీగ మరీ సన్నదై, గదులు దాటి వెళ్లాల్సి వస్తే లావు కేబుల్ అవసరమే. ఆ ముందు గదిలో ఆ అవసరం లేదు.

నేను వెనక్కి తెచ్చిన కేబుల్ చుట్టను శేషగిరి గారు విసురుగా పై అరలో పెట్టారు. జరిగిందంతా చెప్పాను. అంతసేపు ఆయనతో నేను మాట్లాడడం అదే మొదలు. "సరే, ఇకమీదట ఇళ్లకు కూడా నువ్వే వెళ్లు" అన్నారు. మెచ్చుకోలో, శిక్షో ఇప్పటికీ తెలియదు.

పున్నమి వెళ్లాక ఎర్రయ్య గారు దుకాణానికి ఫోన్ చేసి నన్ను పిలవమన్నారు. వెనక ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది. "ఇంజన్ కాడ నానే ఉన్నాను పాపా" అని పెట్టేశారు. ఆ రోజు బోటు వెనక్కి తిప్పినప్పుడు ఇంజన్‌లో నిజంగా ఏదైనా ఉందో లేదో నేను అడగలేదు.

ఆ కేసు తర్వాత నాకు ఒక పట్టుదల వచ్చింది. మనిషి చెప్పే బాధను నమ్మాలి. దానికి ఎవరు మందు చెప్పినా మాత్రం పరీక్షించాలి. మంచి కేబుల్ కావాలని ఎవరు వచ్చినా ముందుగా, "మీకు వినిపించనిది ఏమిటండీ?" అని అడుగుతాను. దానికి జవాబు వచ్చేదాకా పై అరలోని చుట్ట కిందికి దించను.