నాలుగో లెవెల్లో ఆగిపోయిన ఆట

1995వ సంవత్సరం. మద్రాసు టి. నగర్‌లో ఒక చీరల కొట్టు మేడమీద మా ఆఫీసు ఉండేది. టీవీకి తగిలించి ఆడే వీడియో గేములను దిగుమతి చేసుకుని తమిళనాడుకూ, నెల్లూరు, చిత్తూరు జిల్లాలకూ సరఫరా చేసే కంపెనీ మాది. నేను సర్వీసు విభాగంలో ఉండేవాణ్ణి. మా యజమాని పాత మద్రాసు తెలుగు వర్తకుల ఇంటి మనిషి. ఆయన్ని అందరం తమిళులలాగే ‘మొదలాళి’ అని పిలిచేవాళ్ళం.

ఆట ఉండే ప్లాస్టిక్ పెట్టెను కార్ట్రిడ్జ్ అంటారు. మెషీన్ గాడిలో దాన్ని దూరిస్తే తెరమీద ఆట మొదలవుతుంది. గాడిలో తగిలే ఇత్తడి పళ్ళను కాంటాక్టులు అంటాం. ఉప్పుగాలికి వాటికి చిలుము పడుతుంది. పదింటిలో తొమ్మిది ఫిర్యాదులకు అదే కారణం. స్పిరిట్‌తో తుడిచి ఇచ్చేస్తే సరిపోయేది.

దీపావళికి నెల ముందు పెరంబూరు రైల్వే క్వార్టర్స్ నుంచి పుష్పవల్లి అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కొత్త కార్ట్రిడ్జ్ మధ్యలో ఆగిపోతోందని చెప్పింది. తుడిచి, ఆట మొదలవుతోందని చూపించి పంపాను. వారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాను. మూడోసారి వచ్చినప్పుడు నోటుపుస్తకం కాగితం నా ముందు పెట్టింది.

“తుడిస్తే పొయ్యేది కాదప్పా ఇది. నాలుగో లెవెల్లో గుహ వస్తుంది. ఆడ నీళ్ళమీద మూడో తెప్ప ఎక్కేతలికి బొమ్మ నిలిచిపోతుంది. పదకొండు తూర్లు ఆడినా, పదకొండు తూర్లూ ఆడనే.”

“మీ పిల్లలు ఆడారా అక్కా?”

“పిల్లోళ్ళు రెండో లెవెలు దాటలేరు. వాళ్ళు బడికి పోయినాక నేనే ఆడేది.”

కాగితంలో పదకొండు వరుసలు, ప్రతి వరుసకూ ఎదురుగా తేదీ. నాకు సిగ్గేసింది. ఆవిడ చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలంటే నాలుగో లెవెల్ దాకా ఆడాలి. నేను కూర్చుని ఆడితే రెండోదే దాటలేదు. ఆఫీసంతా కనుక్కున్నాను. ఆటలు అమ్మే కంపెనీలో అంతదూరం ఆడగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు! మేమూ, మా డీలర్లూ రెండు నిమిషాలు ఆడించి చూసి సరుకు బాగుందనేవాళ్ళం. ఆ బ్యాచ్, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, అప్పటికే పండగ కోసం ఊరూరా వెళ్ళిపోయింది.

మొదలాళికి చెప్పాను.

“ఒక ఆయమ్మ మాట నమ్మి పండగ ముందర సరుకు వెనక్కి పిలుస్తామా? డీలర్లు నవ్వరా?” అన్నారు.

“ఆవిడ్నే ఆడమందాం సార్. మీరే చూడండి.”

మర్నాడు పుష్పవల్లిని పిలిపించాం. అరడజను మంది వెనక నిలబడితే ఆవిడ కొంగు బిగించి కుర్చీలో కూర్చుంది. గోదాములోంచి తెచ్చిన కొత్త కార్ట్రిడ్జ్ సీలు విప్పి పెట్టాను. ఆవిడ వేళ్ళు బటన్ల మీద ఆడుతుంటే మేమంతా నోరు తెరిచి చూశాం. అరగంటకు గుహ వచ్చింది. ఒకటి, రెండు తెప్పలు దాటింది.

“ఇప్పుడు చూడండి సార్,” అంది.

మూడో తెప్ప మీద బొమ్మ బిగుసుకుపోయింది.

“ఇంకోటి పెట్టు,” అన్నారు మొదలాళి. రెండోదీ అక్కడే ఆగింది. మూడోదాన్ని ఆయనే స్వయంగా ఎంచి తెచ్చారు. అదీ అంతే.

“ఆమా, అవును, నువ్వు చెప్పేది కరెక్టే,” అన్నారు చివరకు నాతో. “అన్నీ వెనక్కి తెప్పించు. ఒకటి కూడా బయట ఉండకూడదు.” తరువాత ఆవిడ వైపు తిరిగి, “మూడుతూర్లు తిప్పించినాం. మనసులో పెట్టుకోవద్దమ్మా,” అన్నారు.

ఆ పండగ సీజన్‌లో ఆ ఆట అమ్మలేదు. ప్రతి డీలరుకూ నేనే ఫోన్ చేసి, లోపం ఫలానా చోట ఉందని ఉన్నదున్నట్టు చెప్పాను. కొందరు విసుక్కున్నారు. నెల్లూరు డీలరు మాత్రం, “అమ్ముకున్నాక తప్పించుకునేవాళ్ళనే చూసినాం గానీ, అడక్కముందే చెప్పినోళ్ళు మీరే,” అన్నాడు. మరుసటి ఏడు మా కంపెనీది తప్ప ఇంకొకరి సరుకు అతను తీసుకోలేదు.

పుష్పవల్లక్కను మొదలాళి ఉద్యోగంలోకి రమ్మన్నారు. వారానికి మూడు రోజులు వచ్చి, ప్రతి కొత్త బ్యాచ్‌లోంచి రెండు ఆటలు మొదటి నుంచి చివరిదాకా ఆడేది. “ఆడి చూసినాను” అని తెలుగులో రాసి ఆవిడ సంతకం పెడితేనే గోదాము తలుపు తెరిచేవాళ్ళం. కంప్యూటర్ ఆటలు వచ్చి మా వ్యాపారం సన్నగిల్లే దాకా, ఆవిడ సంతకం పెట్టిన బ్యాచ్ ఒక్కటీ వెనక్కి రాలేదు. నా పనిలో నేను గర్వంగా చెప్పుకునేది అదే.

తర్వాత చాలా రకాల మెషీన్లు బాగుచేశాను. చేతిలోకి స్క్రూడ్రైవర్ తీసుకునే ముందు, తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పించుకుంటాను. దాన్ని రోజూ వాడే మనిషికి తెలిసినంత నాకు తెలియదని పుష్పవల్లక్క దగ్గర నేర్చుకున్నాను.