గడప ముందు తడిసిన తెల్ల మేజోళ్లు

ఎనభైల మొదట్లో, సూర్యాపేటలో నా బడి రోజుల్లో, మేజోళ్లు వేసుకునే పిల్లలు అరుదు. "సాక్సులు తొడిగితే వేడంతా కండ్లకు ఎక్కుతది" అనేది మా నాయనమ్మ. ఆధారమేమిటని అడిగితే, మేజోళ్లూ కళ్లద్దాలూ రెండూ ఉన్న మిర్యాలగూడ బంధువును ఉదాహరణగా చూపేది. ఒక్క మనిషి ఆధారం కాడని చెప్పగలిగేంత సైన్సు అప్పటికి నాకు రాలేదు.

అది కొంత వచ్చాక, తొంభైల్లో, మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు కర్మాగారంలో కెమిస్టుగా చేరాను. కోదాడలో కిరాయి ఇల్లు, తోడుగా నాయనమ్మ. కొత్త యంత్రం బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరు నాకు పని నేర్పాడు. ఒకసారి జ్వరంతో ప్రయోగశాలలోనే కూలబడితే, జీపులో దవాఖానకు తీసుకువెళ్లిందీ ఆయనే. అప్పటి నుంచి నాయనమ్మది ఒకటే పట్టు: ఆయన తన దేశం వెళ్లేలోగా తన చేతి అన్నం తినాలి.

ఆయన ప్రయాణానికి ముందటి ఆదివారం భోజనానికి పిలిచాను. మే నెల ఎండలో వచ్చి, అరుగు మీద కూర్చుని బూట్లు విప్పాడు, బూడిదరంగు మేజోళ్లూ విప్పాడు. నాయనమ్మ తృప్తిగా చూసి, నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. మా ఇంట్లో ఎవరైనా కాళ్లు కడుక్కునే గడప దాటాలి. గౌరవించదగిన వారికైతే ఆమే స్వయంగా నీళ్లు పోసేది.

ఈలోగా ఆయన సంచిలోంచి తెల్లని కొత్త మేజోళ్లు తీసి, వాటికి చుట్టిన కాగితపు పట్టీ చించి, తొడుక్కుని గడప ముందు నిలబడ్డాడు. తిరిగి వచ్చిన నాయనమ్మ ఆయన ముఖం వైపే నవ్వుతూ చూస్తూ చెంబెడు నీళ్లూ వాటి మీద కుమ్మరించింది.

"అయ్యో! గిదేందిరా? ఇప్పినోడు మళ్ల తొడిగిండేంది?"

పక్క వాటాలోంచి ఇంటి యజమానురాలి గొంతు: "ఏమండీ బామ్మగారూ, కాళ్లు కడుగుతున్నారా, బట్టలు ఉతుకుతున్నారా?"

"నువ్వు జర ఊకోమ్మా!" అని, నాయనమ్మ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "కాళ్లకు పుండ్లు గిన ఉన్నయేమోరా?"

"ఇప్పుడే సూసినవ్ గదా నాయనమ్మా. మంచిగనే ఉన్నయి."

"మరి కాళ్లు దాసుకునుడెందుకు?"

తడి మేజోళ్లతో లోపలికి రాలేక, వట్టి కాళ్లతో రావడానికి మనసొప్పక, ఆయన వంగి నమస్కరించి బూట్ల కోసం చేయి చాచాడు. ఇంకోసారి వస్తానన్నాడు. ఆ ఇంకోసారి లేదని మా ముగ్గురికీ తెలుసు.

కారణం అడిగాను. ఇతరుల ఇంట్లో వట్టి కాళ్లతో తిరగడం తమ వైపు అమర్యాద అనీ, గౌరవమున్న ఇంటికి శుభ్రమైన జత వెంట తెచ్చుకుంటామనీ వివరించాడు. ఒక్కరి మాటను బట్టి దేశాచారాన్ని నిర్ధారించలేను. కాని అరుగు మీద చిరిగిన కాగితపు పట్టీ ఉంది.

నాయనమ్మకు చెప్పాను.

"అంటే, మనింటి కోసమే కొత్తయి తెచ్చిండా?"

"అవును."

"నేను నీళ్లు పోసింది గూడ గందుకే గదరా. గా మాట చెప్పు ఆయనకు."

చెప్పాను. ఆయన ఆమెను ఒక క్షణం చూసి, బూట్లు వదిలి, మళ్లీ అరుగు మీద కూర్చుని మేజోళ్లు విప్పాడు. ఆమె ఇంకో చెంబు తెచ్చి ఈసారి పాదాల మీదే పోసి, తువ్వాల అందించింది. మేజోళ్లు పిండి దండెం మీద వేసింది.

"అన్నం ఎటు పోదు. ముందుగాల గవి ఆరనీ."

ఆ ఎండకు పలుచని నూలు ఎంతసేపు తడిగా ఉంటుంది? ఆరాయని నేనన్నాను. ఆమె నమ్మలేదు, మేజోడు పై అంచును చెంపకు ఆనించి చూసుకుని, "ఇంక జర పచ్చిగున్నది" అంది. ఆమెదే సరైన పరీక్ష.

చివరికి ఆయన వెచ్చని మేజోళ్లు తొడుక్కుని గడప దాటాడు. పీట మీద కాళ్లు మడవలేక అవస్థపడ్డాడు గాని, గోంగూర పప్పుతో అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. నాయనమ్మ తృప్తిగా చూస్తూ, కాసేపటికి నా చెవి దగ్గరికి వంగింది.

"మరి కండ్లకు వేడి చెయ్యదారా?"

ఆయనకు కళ్లద్దాలు లేవు. ఒక్క మనిషి ఆధారం కాడని తెలిసి కూడా, "చెయ్యదు నాయనమ్మా" అన్నాను.