ఆల్విల్డా గారి పిలుపులు

ఆల్విల్డా బ్రున్ గారికి ఒకటే జబ్బు. పెళ్లయిన ఆడదాన్ని ఎవరైనా మొగుడి ఉద్యోగం పెట్టి పిలిస్తే ఆవిడకి ఒళ్లు మండిపోయేది. ఫ్యూన్ ద్వీపంలోని ఆ చిన్న రేవు పట్టణంలో ఇంకో రకంగా పిలిచే అలవాటే లేదాయె! కమ్మరి భార్య కమ్మరమ్మ, కస్టమ్సు అధికారి భార్య కస్టమ్సమ్మ, పాస్టరుగారి భార్య పాస్టరమ్మ. మునిసిపల్ ఎన్నికల్లో ఆడవాళ్లకి ఓటొచ్చిన ఏడాది కూడా అదే వరస.

"ఏం, వీళ్లకి పేర్లు పెట్టకుండానే బాప్తిస్మం ఇచ్చారా?" అని ఆవిడ చేపల రేవులో నిలబడి అరిచేది. విన్నవాళ్లు నవ్వి ఊరుకున్నారు. దాంతో ఆవిడ లెక్క తిరగేసింది. ఆడవాళ్లని పేరుతోనూ, మగవాళ్లని పెళ్లాల పనితోనూ పిలవడం మొదలుపెట్టింది.

కమ్మరి గుమ్మానికి పట్టని మనిషి. అతని భార్య లేసులు అల్లేది. "ఏమోయ్ లేసులాయనా! సమ్మెట బాగా ఆడుతోందా?" అని ఆవిడ పలకరిస్తే రేవంతా గొల్లుమనేది. భార్య మేజోళ్లు అల్లే కస్టమ్సు అధికారి బంగారు గుండీల కోటుతో ఠీవిగా వస్తుంటే, "మేజోళ్లాయన వస్తున్నారు, దారివ్వండి!" అనేది. పాస్టరు ఫోల్మర్ గారి భార్య సంతలో బహుమతులు కొట్టే పందులు పెంచేది. ఇక ఆయన్ని ఏమని పిలిచేదో వేరే చెప్పక్కర్లేదు. ఆల్విల్డా గారి టోపీ కనిపిస్తే చాలు, ఆయన సందు మారిపోయేవారు.

"మీకే పెళ్లయ్యుంటే మీ ఆయన్ని ఏమనాలమ్మా?" అని మేజోళ్లాయన ఒకసారి ఎదురు తిరిగాడు.

"నోరాయన అనండి. నాకున్న పని అదొక్కటేగా!"

ఊళ్లో ఒక్క మగాడికి మాత్రం మినహాయింపు దొరికింది. చర్చి గంట కొట్టే ఇవర్‌ని ఆవిడ అతని సొంత ఉద్యోగంతోనే "గంటలాయనా" అని పిలిచేది. "ముసలావిడ మనసు అటు జారిందర్రా!" అని జనం ముసిముసిగా నవ్వుకునేవారు.

ఇవర్ భార్య బొలెట్టెకి మాత్రం ఆ పిలుపు వింటే ప్రాణం లేచొచ్చేది. హమ్మయ్య, ఈవిడకింకా తెలియదు అనుకునేది. కిందటి చలికాలం నిచ్చెన మీంచి పడి ఇవర్ కుడి భుజం పనికిరాకుండా పోయింది. అప్పట్నుంచీ పొద్దు పొడిచినప్పుడూ, పొద్దు గుంకినప్పుడూ మొగుడి కోటు తొడుక్కుని గోపురమెక్కి గంట కొట్టేది బొలెట్టే. సంగతి బయటపడితే ఉద్యోగమూ పోతుంది, చర్చివాళ్లిచ్చిన ఇల్లూ పోతుంది. ఆల్విల్డా గారి చెవిన పడిందా, 'చూశారా, ఆడది గంట కొడుతోంది!' అని రేవులో చాటింపే. అందుకే ఆవిడ ఆడవాళ్ల హక్కుల కోసం పెట్టే సభలకి బొలెట్టె వెళ్లేది కాదు. ఎదురుపడితే చేపలబుట్ట మొహానికి అడ్డం పెట్టుకునేది.

ఎంత దాచినా గాలి నోరు మూయలేం కదా! ఒకనాడు గోపురం కిటికీలో పావడా అంచు ఎగిరింది. ఎవరో చూసి పాస్టరుగారి చెవిన వేశారు. మర్నాటి సాయంత్రం బొలెట్టె గంట కొడుతోంది. చివర్లో మూడేసి దెబ్బల చొప్పున మూడుసార్లు కొట్టి, మధ్యమధ్య కాస్త ఆగాలి. ఆ ఆగిన చోట మెట్ల మీంచి గొంతులు వినిపించాయి.

"తప్పుకోండి ఆల్విల్డా గారూ, నేను పైకెళ్లాలి!"

"తప్పుకోవడానికి చోటేదీ? ఈ ఇరుకు మెట్లలో నేనే బిగుసుకుపోయాను."

ఇద్దరూ ఒక్కసారే వచ్చిపడ్డారు! మధ్యలో ఆపితే ఊరంతటికీ తెలిసిపోతుంది. బొలెట్టె మరో మూడు దెబ్బలు కొట్టింది.

"పైన ఎవరున్నారో నేను చూసి తీరాలి!"

"గంటలాయన కాక ఇంకెవరుంటారు? అది సరేగానీ, మీతో ఒక్క మాట, పాస్టరుగారూ."



"ఏమన్నారు?" ఆయన గొంతు వెన్నలా కరిగింది. "ఇంకొక్కసారి అనండి."

"పూజ్యులైన పాస్టరుగారూ!"

బొలెట్టె ఆఖరి మూడు దెబ్బలూ కొట్టేసి తాడు వదిలింది.

"ఇదే మాట రేవులో అందరి ముందూ అంటారా?"

"ఓ, అలాగే. మీరు ముందెళ్లి జనాన్ని పోగెయ్యండి, వెనకే వస్తాను."

పాస్టరుగారు వచ్చిన పని మరిచిపోయి, మెట్లు దూకుతూ వెళ్లిపోయారు.

బొలెట్టె కిందికి దిగితే, మెట్టు నిండా కూర్చుని ఆల్విల్డా గారు ఆయాసపడుతోంది.

"మీకు తెలుసా?" అంది బొలెట్టె ఏడుపు గొంతుతో.

"కిందటి చలికాలం నుంచే తెలుసే. ఇవర్ కొడితే గంట తాగినవాడిలా తూలేది. ఉన్నట్టుండి బుద్ధిగా మోగడం మొదలెట్టింది. ఇంతలో ఎంత మారాడా అని వచ్చి చూశాను."

"మరి సభల్లో చెప్పలేదేం? మీకు ఎంత పనికొచ్చేది!"

"నాకు చప్పట్లూ, నీకు వీధీనా? చెప్పుకుంటే నువ్వే చెప్పుకోవాలి, నీకు ధైర్యం వచ్చిన రోజున. ఆవేళ నా నోరు నీకు అరువిస్తాను."

"నేనేమో మా ఆయనకొక్కడికే మర్యాద ఇస్తున్నారనుకున్నాను..."

"వాడికి మర్యాదా! పెళ్లాం గంట కొడితే మొగుడు గంటలాయన కాక ఏమవుతాడే పిచ్చిమొహమా? నేను పద్ధతి తప్పింది ఇవాళే, ఆ పందులాయన దగ్గరే. సరే, చెయ్యివ్వు. ఆయన్ని ఆపుదామని అడ్డం వచ్చాను గానీ, నిజంగానే బిగుసుకుపోయాను."

బొలెట్టెకి నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ ఈవిడనా నేను తప్పించుకు తిరిగింది అనుకుంది. రెండు చేతులూ పట్టుకుని ఒక్క లాగు లాగేసరికి ఆవిడ లేచి నిలబడింది.

"అమ్మో, ఏం బలమే!" అంటూ ఆవిడ టోపీ సర్దుకుంది. "పద, జనం ముందు పరువు పోగొట్టుకోవాలి. ఒక్కదాన్నే వెళ్లలేను."

బొలెట్టె మొగుడి కోటు విప్పి చంకన పెట్టుకుంది. రేవులో అందరూ చూస్తుండగా ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచింది.