మంగమ్మగారు కొట్టెయ్యమన్న మాట

పంటినొప్పికి పనికొస్తుందని మా కోడలు నిన్న పొద్దున్న తుమ్మచెక్క ఉడకబెట్టింది. ఆ వగరు వాసన వరండాలోకి వచ్చేసరికి చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. నీళ్ళలో నానినా త్వరగా చివకకుండా ఉండాలని ఒకప్పుడు కొల్లేటికోటలో నూలు వలల్ని ఆ కషాయంలోనే ముంచి ఆరబెట్టేవారు. అలాంటి వల ముందు, చాప మీద, పంచె మోకాళ్ళ పైకి లాక్కుని కూర్చున్న రామనాథం మాస్టారు గుర్తొచ్చారు. లేచి వెళ్ళి ఆ ఏటి డైరీ తీశాను. పాఠం అర్థంకాని రోజున తేదీ చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టడం అప్పట్లో నా అలవాటు. మాస్టారు భాషాశాస్త్రం చెప్పిన నెలల పేజీలు చూస్తే అమ్మవారు పోసినట్టున్నాయి.

నేను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చి బి.ఎ.లో చేరినవాణ్ణి. అప్పటిదాకా తెలుగు చదవడమంటే ఏది ఒప్పో ఏది తప్పో తెలుసుకోవడమే అనుకునేవాణ్ణి. మాస్టారు మొదటిరోజు సుద్దముక్క కూడా పట్టుకోలేదు. పొద్దున్న ఇంట్లో మిమ్మల్ని ఏమని నిద్రలేపారో ఒక్కొక్కరే చెప్పమన్నారు. ఒకరిది తిట్టు, ఒకరిది బుజ్జగింపు. మేం నవ్వుతుంటే ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. నేను లేచి, వీటిలో సరైనది ఏదండీ అని అడిగాను.

“మీరందరూ లేచారా, లేదా?” అన్నారు.

“లేచామండీ.”

“అయితే అన్నీ సరైనవే.”

మరి పరీక్షలో ఏం రాయాలండీ అన్నాను. అది తనకూ సరిగ్గా తెలియదన్నారు. తెలియదని ఒక ఉపాధ్యాయుడు ఒప్పుకోగా వినడం నాకు అదే మొదలు. కొందరికి అది ముచ్చటగా అనిపించింది. నాకు మాత్రం భయమేసింది. హైస్కూలు దాకా ప్రతి క్లాసులో మొదటివాణ్ణి. మెట్టు కనబడని చోట ఎలా ఎక్కాలో తెలియని మనిషిని.

దసరా సెలవులకి ముందు ఆయన మాకొక పని అప్పగించారు. బడి ముఖం చూడని మనిషి దగ్గరికి వెళ్ళి, వాళ్ళు తమ పని గురించి చెప్పేదంతా వాళ్ళ మాటల్లోనే రాసుకు రావాలి. మా కాలేజీ అటెండరు సూరయ్యది కొల్లేటికోట. అతని మేనత్త మంగమ్మగారు నలభై ఏళ్ళుగా వలలు అల్లుతున్న మనిషి. బస్సు దిగి, దోనె ఎక్కి వెళ్ళి, రెండు రోజులు ఆవిడ ఎదుట కూర్చున్నాను. ముందే రాసుకున్న నలభై ప్రశ్నలు వరసగా అడిగాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా చెప్పింది. ఇంటికొచ్చాక శుభ్రమైన పుస్తకంలోకి ఎక్కించాను.

అక్కడే తప్పు చేశాను. తప్పని నాకు తోచనే లేదు. అంత పెద్దావిడ మాటల్ని ఉన్నవున్నట్టు కాలేజీలో చూపిస్తే నవ్వుతారేమో, ఆవిడకి మర్యాద కాదేమో అనిపించింది. “ఎండ ముదిరితే సేప అడుక్కెల్లిపోద్దండి” అన్నది ఆవిడ. “ఎండ తీవ్రమైనప్పుడు మత్స్యములు లోతునకు పోవును” అని రాశాను. అలా ఎనభై పేజీలు, గుండ్రటి అక్షరాలతో. చిత్తుకాగితాలు మా అమ్మ పొట్లాలు కట్టుకోమని కొట్టతనికి ఇచ్చేసింది.

మాస్టారు పదిపేజీలు చదివి పుస్తకం మూశారు. “చేతిరాత చాలా బాగుందండీ. ఇందులో మంగమ్మగారు ఎక్కడున్నారు?” అన్నారు. చిత్తుప్రతి ఏదని అడిగారు. లేదని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. నూలు వలలు మరెన్నాళ్ళుంటాయో తెలియదని, అవి పోతే ఆ మాటలు కూడా పోతాయని, చెప్పేవాళ్ళు అప్పటికే కొద్దిమందేనని మెల్లగా చెప్పారు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. వచ్చే ఆదివారం తానూ వస్తానన్నారు.

మంగమ్మగారు మమ్మల్ని చూసి, మొన్నంతా చెప్పాను కదా మళ్ళీ ఏమొచ్చిందని అడిగింది. దాచలేక జరిగింది చెప్పేశాను. ఆవిడ చేతిలోని వల అల్లే వెదురుపుల్ల ఆగింది.

“సరిజేశారా? మరి అప్పుడు తలూపుతా రాసుకున్నారేంటండి? నీ మాట బాలేదే ముసిల్దానా అని అప్పుడే అనెయ్యొచ్చుగా.”

బాగోలేదని కాదండీ అంటూ ఏదో చెప్పబోయాను. ఇక తన దగ్గర మాటల్లేవని, పని ఉందని వల మీదికి వంగిపోయింది. అంతా పోయిందనుకున్నాను. మాస్టారు ఆవిణ్ణి బతిమాలలేదు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చాప మీద కూర్చుని, చిరిగిన వల అంచు ఒళ్ళోకి లాక్కుని, నూలు చుట్టిన పుల్ల ఒకటి తీసుకుని, ఆవిణ్ణి చూస్తూ ముళ్ళు వెయ్యడం మొదలుపెట్టారు. వేసిన ముడి వేసినట్టే జారిపోయేది. అరగంట ఓర్చుకుంది పాపం. ఆ పైన ఆవిడ వల్ల కాలేదు.

“పంతులుగారూ, తవరు ముడేత్తన్నారా, సేపకి గుమ్మం పెడతన్నారా?”

చుట్టుపక్కలవాళ్ళు ఘొల్లుమన్నారు. అందరికంటే మాస్టారే ఎక్కువ నవ్వారు. ఆవిడ పుల్ల లాక్కుని చూపించింది. చూపిస్తూ తిట్టింది. తిడుతూ తన పెళ్ళైన కొత్తలో అత్తగారు తనను తిట్టిన తిట్లు చెప్పింది. అక్కణ్ణించి వరదలు, పక్షులు, పీతలు చేసిన కన్నాలు, పోయిన భర్త. నా నలభై ప్రశ్నల్లో ఒక్కదానికీ అందని సంగతులవి. మాస్టారు కళ్ళతోనే నన్ను రాయమన్నారు. పొద్దు వాలేదాకా రాశాను, ఒక్క అక్షరం మార్చకుండా.

లేవబోతుంటే ఆవిడ, “సదవండి. ఈసారి నేనినాలి,” అంది. మొదటినుంచి చదివాను. అప్పుడప్పుడు నవ్వుకుంటూ వింది. భర్త గురించి అన్న ఒక వాక్యం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

“అది కొట్టెయ్యండి. ఏదో అనేశాను. ఆయన లేడుగా, తిరిగి అనడానికి.”

నేను మాస్టారి వైపు చూశాను. ఆవిడ ఆ మాట అన్నప్పుడు ఆయన ముందుకు వంగి విన్నారు. ఆ రోజు రాసినదాంట్లో అంతకు మించిన వాక్యం లేదని నాక్కూడా తెలిసింది. ఒక్కటీ మార్చకూడదని చెప్పి ఇంతదూరం తీసుకొచ్చిన మనిషి, వదలరనుకున్నాను.

“కొట్టెయ్యండి. కింద అక్షరం కనబడకుండా కొట్టెయ్యండి,” అన్నారు.

తిరిగి వస్తూ దోనెలో అడిగాను. నేను మారిస్తే తప్పయింది, ఆవిడ తీసెయ్యమంటే ఒప్పెలా అయిందండీ, దీనికి శాస్త్రంలో ఏమైనా ఉందా అని. ఉండే ఉంటుందండీ, నేను చదవలేదు అన్నారు. మర్నాడు క్లాసులో అదే ప్రశ్న అందరి ముందూ నాచేత అడిగించారు. గంట కొట్టేదాకా వాదించుకున్నాం. తేలలేదు.

మరుసటి ఏడు ఆయన వేరే ఊరు వెళ్ళిపోయారు. ఆ పేపరులో నాకు అత్తెసరు మార్కులొచ్చాయి. తరవాత రెవెన్యూ ఆఫీసులో గుమాస్తానయ్యాను. విచారణల్లో రైతుల వాంగ్మూలాలు రాయడం నా పని. ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసేవాణ్ణి. వేలిముద్ర వేయించే ముందు మొత్తం చదివి వినిపించి, తీసెయ్యాల్సింది ఏమైనా ఉందా అండీ అని అడిగి ఆగేవాణ్ణి. తాసిల్దార్లు గడియారం చూసుకునేవారు. ఎందుకింత చాదస్తమని అడిగినా మానలేదు.

మంగమ్మగారు లేరు, మాస్టారూ లేరు. సిరాతో నల్లగా నింపేసిన ఆ వాక్యం మాత్రం పొల్లు పోకుండా నాకు గుర్తుంది. నాకు తెలిసి విన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే, నాతో అదీ పోతుంది. ఇప్పుడైనా రాసి ఉంచమంటారో, వద్దంటారో, మాస్టారి తరఫున ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను. ఇక్కడ కూడా రాయడం లేదు.