చిన్నాయన చావులు, చిన్నమ్మ సాక్ష్యం

పోయిన వారం ఒక సభలో నాకు శాలువా కప్పారు. మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడినందుకు దక్కిన మర్యాద అది. జనం చప్పట్లు కూడా బాగానే కొట్టారు. ఇంటికొచ్చి మడత విప్పితే, జరీ పువ్వుల వెనకవైపు కత్తిరించని దారాలు గుంపులుగా వేలాడుతున్నాయి. వేలితో తడుముతూ ఉంటే చిన్నమ్మ గుర్తొచ్చింది. ఈ శాలువా ఆమె ఒడిలోంచి వచ్చి ఉంటే ఒక్క పోగు మిగిలేది కాదు. ఇది కప్పించుకుని వచ్చినందుకు నాకు దక్కవలసిన మాట కూడా ఒకటి ఉండేది. అది చివర చెబుతాను.

తొంభైల మొదట్లో నేను సూరత్‌లో మనవాళ్ల పిల్లలు చదివే ఒక తెలుగు బడిలో పంతులుగా చేరి, మా అమ్మ చెల్లెలి ఇంట్లో దిగాను. చిన్నాయనది మరమగ్గాల కార్ఖానాలో పని. చిన్నమ్మది ఇంట్లోనే దాగా కటింగ్, అంటే పువ్వులు నేసిన చీరల వెనకవైపు వేలాడే దారాలను చిన్న కత్తెరతో కత్తిరించడం. సేఠ్ మనిషి మూటలు దించి పోయేవాడు. ఉన్న ఒక్క గదిలో మాకంటే చీరలకే ఎక్కువ జాగా. కొత్త పాలిస్టర్ వాసన కూరలోకి కూడా వచ్చేది. గోడ అవతల మగ్గాలు పగలూ రాత్రీ ఆడేవి. కరెంటు పోయి అవి ఆగితే గల్లీ అంతా ఉలిక్కిపడి లేచేది. నిశ్శబ్దంలో నిద్రపట్టని మనుషుల్ని నేను అక్కడే చూశాను. ఇప్పుడు నేనుండే ఈ ఊళ్లో నిశ్శబ్దానికి కొదవలేదు, నాకే నిద్ర పట్టడం లేదు.

నేను వెళ్లేసరికే చిన్నమ్మ క్రైస్తవురాలైంది. పిల్లలు కలగడం లేదని దిగులు పడుతుంటే పక్కింటామె ప్రార్థనకు తీసుకుపోయిందట. పిల్లలు కలగలేదు కానీ చిన్నమ్మ అక్కడే ఉండిపోయింది. అడిగింది ఇవ్వని దేవుణ్ణి పట్టుకుని వేలాడటం ఏ తర్కమని నేను నిలదీసేవాణ్ణి. "కడుపు పండాల్నని పోయిన, మనసు నిండింది. నీకేందిరా నొప్పి?" అనేది. దేవుడు లేడని నేను ఆనాడే తేల్చుకున్నాను, ఈనాటికీ ఆ తీర్పు మార్చుకోలేదు.

ఆమె మతం మారాక కులంవాళ్లు పేరంటాలకు పిలవడం మానేశారు. బతుకమ్మ దినాల్లో గల్లీ ఆడవాళ్లంతా వలయం కట్టి చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే చిన్నమ్మ గడపలో నిలబడి చూసేది. ఒకసారి గమనించాను, కొంగు కింద ఆమె అరచేతులు చప్పుడు కాకుండా ఆ చప్పట్లనే కొడుతున్నాయి. తర్వాత జరిగిన దానికి మూలం ఆ గడపలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ క్రైస్తవుల ఆదివారం ప్రార్థన కూడిక ఒక కార్ఖానా మీది గదిలో జరిగేది. కింద మగ్గాలు ఆడుతుండేవి కాబట్టి పైన దేవుడితో గట్టిగా మాట్లాడక తప్పేది కాదు. అక్కడ సాక్ష్యం చెప్పడం ఒక పద్ధతి. దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందూ లేచి చెప్పాలి. వినేవాళ్లు మధ్యమధ్యలో స్తోత్రం అంటారు. ఆ ఏడాది చిన్నాయనకు కామెర్లు వచ్చి తగ్గాయి. చిన్నమ్మ మొదటిసారి లేచి చెప్పింది చాలా చిన్న సాక్ష్యం. ఆయనకు జబ్బు చేసింది, దవాఖానాలో ఉంచాం, నేను మోకాళ్ల మీద ఉన్నాను, దేవుడు లేపాడు, అంతే. ఒక ముసలామె వచ్చి ఆమె చేతులు కళ్లకద్దుకుంది. ఆ రోజు ఇంటికి నడిచొస్తున్న చిన్నమ్మ ముఖం నాకింకా కనిపిస్తుంది. ఎవరో ఆమెను మళ్లీ వలయంలోకి పిలిచినట్టుంది.

రెండోసారి చెప్పినప్పుడు ఆమె సాక్ష్యంలో డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాతిసారి చేతులెత్తేశాడు. సాక్ష్యానికి పేరొచ్చింది, వేరే పేటల కూడికలకు పిలుపులు వచ్చాయి. సూరత్ శివారు కడోదరాలో ఎవరింట్లోనో పెట్టిన కూడికకు వాళ్లిద్దరి వెంట నేనూ వెళ్లాను, మూఢనమ్మకాల మీద అప్పటికే ఇస్తున్న నా ఉపన్యాసాలకు సరుకు దొరుకుతుందని. అక్కడి సాక్ష్యంలో చిన్నాయన ఊపిరే ఆగిపోయింది. స్తోత్రాలతో రేకుల కప్పు అదిరింది. తిరిగొస్తుంటే ఆటోలో ఇరుక్కుని కూర్చున్న చిన్నాయన మెల్లగా అడిగాడు.

"ఏమే, ఇయ్యాల నేను ఎంతసేపు సచ్చిన్నే?"

"ఊకో" అంది చిన్నమ్మ.

"కాదే, పోయినసారి జర ఊపిరుండె. ఇయ్యాల గది గూడ లేకపాయె. వచ్చేసారికి పాడె గడ్తవేమో. ముందుగాల జెప్పు, తెల్లంగి ఉతికిచ్చుకుంట."

చిన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతోందని.

ఆమె అబద్ధాలకోరు కాదు. చీర వెనక ఒక్క పోగు మిగిలిందని కట్టిన మూటను మళ్లీ విప్పే మనిషి. వినే ముఖాలు వెలుగుతుంటే తర్వాతి వాక్యం దానంతటదే వస్తుంది. వేదికలెక్కే నాకు ఆ సంగతి కొత్తది కాదు. అయినా ఒకరోజు అన్నం దగ్గర అడిగాను, డాక్టరు నిజంగా చేతులెత్తేశాడా అని. కంచంలో పప్పు వడ్డిస్తూనే చిన్నమ్మ అంది: "నువ్వు స్టేజీ మీద జెప్పే దొంగబాబాల కతలన్ని నీ కండ్లతోని సూసినవా? నీకు చప్పట్లు, నాకు స్తోత్రాలు. సప్పుడు జెయ్యక తిను."

వానాకాలంలో ఒక పొద్దున కడోదరా నుంచి ఒకామె తడుస్తూ వచ్చింది. అక్కడి కూడికలో సాక్ష్యం విన్న మనిషే. ఆమె భర్తకూ కామెర్లు. "అక్కా, దవఖాన నుంచి ఇంటికి తోలుకొచ్చిన. గోలీలు బంద్ వెట్టిన. మీ ఆయన లెక్కనే దేవుడు లేపుతడు. నువ్వొచ్చి ప్రార్థన జెయ్యి" అంది. ఆమె కళ్లలో భయం లేదు. ఉన్నదంతా నమ్మకమే.

చిన్నమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. మళ్లీ దవాఖానాకు తీసుకుపొమ్మని బతిమాలింది, తన భర్త మందులతోనే లేచాడని చెప్పింది. ఆమె నమ్మలేదు. "నా విశ్వాసం సూస్తున్నవా అక్కా?" అని నవ్వింది. చిన్నమ్మ ఒక్కతే చెబితే ఆమె వినే దశ దాటిపోయింది. మాట పుట్టింది నలుగురిలో, నలుగురిలోనే దాన్ని వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే మిగిలిన ఆ ఒక్క వలయం కూడా పోతుంది. చిన్నమ్మ ఒడిలో దారాలు దులుపుకుని లేచింది.

మేం వెళ్లేసరికి ఆ ఇంట్లో కూడిక జనమంతా చేరి ఉన్నారు. మధ్యలో చాప మీద ఆ మనిషి, కళ్లు పసుపు ముద్దలు. చిన్నమ్మ లేచి నిలబడగానే అందరి ముఖాలూ వెలిగాయి.

"మా ఆయన సావలే" అంది చిన్నమ్మ. "డాక్టరు చేతులెత్తలే. సూదులిచ్చిండు, గ్లూకోజు ఎక్కిచ్చిండు, మందులతోని లేసిండు. నేను పక్కపొంటి కూసోని ప్రార్థన జేసిన. గంతవరకే నిజం. మిగిలిందంత మీరు స్తోత్రం అంటుంటె నా నోట్లకెల్లి వచ్చింది. దేవుని పేరు జెప్పుకుంట నేను మీ మొఖాలే సూసిన."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "విశ్వాసం సన్నగిల్లిందా చెల్లే?" అన్నాడు.

"ఉండవట్కే చెప్తున్న అన్నా" అంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నాయన లోపలికి వచ్చాడు. "నేనైతే ఒక్కసారి గూడ సావలే. ఈ తమ్ముణ్ణి లేపున్రి, ఆటో ఆపివెట్టిన."

చాప మీది మనిషి భార్య వెళ్లి దండెం మీంచి భర్త చొక్కా తీసుకొచ్చింది.

అతను బతికాడు. చాలా రోజులు దవాఖానాలో ఉండి, బక్కచిక్కి ఇల్లు చేరాడు. అతని భార్య కూడికలో లేచి సాక్ష్యం చెప్పింది. అందులో దేవుడున్నాడు, డాక్టరు కూడా ఉన్నాడు, చిన్నమ్మ లేదు. చిన్నమ్మను మళ్లీ ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు, పలకరింపులూ తగ్గాయి. ఆదివారం మానకుండా పోయి, చెప్పులు విడిచే చోట కూర్చుని వచ్చేది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆమె కత్తెర జారి చీరకు చిల్లు పడింది. అంతకుముందు ఎన్నడూ అలా జరగలేదు. ఒకప్పుడు ఆమె ప్రార్థన పక్కింటికి వినిపించేది. తర్వాత అదే గదిలో పడుకున్న నాకు కూడా ఆ మాటలు అందేవి కావు. ఎవరికి చెబుతోందో వాళ్లకు తప్ప మరెవరికీ అవి అవసరం లేనట్టు, పెదవులు మాత్రం కదిలేవి.

నేను ఊరుకోలేదు. కడోదరాలో ఒప్పుకున్న ఆ ముక్క మా హేతువాద సభలో ఒక్కసారి చెప్పమని పట్టుబట్టాను. ఇంతకంటే బలమైన వాదన నాకెక్కడ దొరుకుతుంది? చిన్నమ్మ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "ఆడ జెప్తే మీరు చప్పట్లు కొడ్తరు బిడ్డా. మల్ల అదే రోగం."

అప్పటి నుంచి నేను ఉపన్యాసమిచ్చి ఇల్లు చేరినప్పుడల్లా కత్తెర ఆపి ఒకటే అడిగేది: "వచ్చినవా? ఇయ్యాల గూడ దేవుని సంపినవా? చప్పట్లు మంచిగ వడ్డయా?" ఆటోలో చిన్నాయన అడిగిన ప్రశ్ననే ఆమె నా మీదికి తిప్పింది. చిన్నాయన అటు తిరిగి పడుకునే కిసుక్కున నవ్వేవాడు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ నవ్వు ఒక్కసారి వినాలనుంది. ఇద్దరూ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది.

శాలువా దారాలు కత్తిరిద్దామని కూర్చున్నాను కానీ చేతకాలేదు, రెండు పువ్వులు ఊడిపోయాయి. అలాగే మడిచి పెట్టేశాను. సభకు పోయినప్పుడల్లా చప్పట్లు వినబడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక అవి మంచిగా పడ్డాయా అని అడిగే గొంతునే కాలం నా ఇంట్లోంచి తీసుకుపోయింది.